సీట్ బెల్ట్ అలారం క్లిప్: ఒక్క స్టార్ కూడా ఎక్కువే

బకిల్‌లో దూర్చగానే బెల్ట్ పెట్టుకున్నారని కారును నమ్మించి బీప్ ఆపుతుంది. ఆ పని బాగానే చేస్తుంది, జబ్బంతా అక్కడే. కొన్నిటికి సీసా మూత తీసే కొక్కెం కూడా ఉంటుంది, అదీ కారులో!

గుద్దుకున్నప్పుడు కారు ఆగుతుంది, బెల్ట్ లేని మనిషి ఆగడు. మోకాళ్లు డ్యాష్‌బోర్డుకు కొట్టుకుని తొడ ఎముక విరగొచ్చు, తుంటి కీలు వెనక్కి తప్పొచ్చు. ఛాతీ స్టీరింగ్‌కు తగిలితే పక్కటెముకలు పోతాయి. ఎయిర్‌బ్యాగ్ ఉందిగా అంటారా? అది రెప్పపాటుకన్నా ముందే ఉబ్బుతుంది. ముందుకు తూలిన ముఖాన్ని, మెడను అదే గుద్దేస్తుంది.

2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ అయిదు ఆన్‌లైన్ అమ్మకాల సైట్ల నుంచి వీటిని తీయించింది. పక్క సీట్లో బ్యాగు బరువుకు బీప్ వస్తుంటే దాన్ని కింద పెట్టండి, చాలు.