ఖరగ్‌పూర్ మోత వెతుక్కుంటూ రెండు మ్యూజియంలు

మా తాతయ్య ఖరగ్‌పూర్ రైల్వే వర్క్‌షాప్‌లో ఫిట్టర్. 1944లో ఊరి మీదుగా అమెరికా వాళ్ల విమానాలు పోతుంటే వంటింట్లో గిన్నెలు అదిరేవని చెప్పేవారు. అవి బి-29 బాంబర్లు. ఆ ఇంజన్‌ని కళ్లారా చూడాలని మొన్న అక్టోబర్‌లో బయల్దేరాను.

మొదట వర్జీనియాలో డలెస్ విమానాశ్రయం పక్కనున్న ఉద్వార్-హేజీ సెంటర్ అనే విమానాల మ్యూజియం. ప్రవేశం ఉచితం, పార్కింగ్‌కి మాత్రం డబ్బు కట్టాలి. హిరోషిమా మీద బాంబు వేసిన ఎనోలా గే ఇక్కడే ఉంది. కాకపోతే దాన్ని స్టాండ్ల మీద బాగా ఎత్తులో నిలబెట్టారు. విమానం మొత్తం కనిపిస్తుంది, నాక్కావలసిన ఇంజన్ మాత్రం అందనంత దూరం.

ఆ లోటు కనెక్టికట్‌లో తీరింది. విండ్సర్ లాక్స్‌లోని న్యూ ఇంగ్లండ్ ఎయిర్ మ్యూజియంలో బి-29 ఉన్న హ్యాంగర్ 58వ బాంబ్ వింగ్‌కి అంకితం. మా తాతయ్య ఊరి చుట్టూ దిగిన దళం అదే! ఆ పేరు చదవగానే గొంతు పూడుకుపోయింది.

ఇంజన్ రైట్ ఆర్-3350. ఇది రేడియల్ ఇంజన్, అంటే సిలిండర్లు చక్రం ఆకుల్లా చుట్టూ అమర్చి ఉంటాయి. అలా తొమ్మిదేసి చొప్పున ఒకదాని వెనక ఒకటిగా రెండు వరుసల్లో 18 సిలిండర్లు, దాదాపు 55 లీటర్లు, 2200 హార్స్‌పవర్. సిలిండర్లు చల్లబడాల్సింది గాలితోనే. ముందు వరుసని తాకి వేడెక్కిన గాలే వెనక వరుసకి చేరుతుంది, అందుకే అక్కడ మండిన వాయువుని బయటికి వదిలే ఎగ్జాస్ట్ వాల్వులు మాడిపోయేవి. ఇంజన్ నడిమి పెట్టె, అంటే క్రాంక్‌కేస్, మెగ్నీషియం మిశ్రమం, అంటుకుంటే ఆర్పడం కష్టం. 1944 ఏప్రిల్‌లో ఇండియాకి వస్తూ కరాచీ దగ్గర కొన్ని కూలిపోయాయి. మన ఎండలు ఎరిగినవాళ్లకి ఎందుకో చెప్పక్కర్లేదు.

అక్కడి వలంటీర్ ఒక పెద్దాయన. వరుసకి బేసి సంఖ్యలోనే సిలిండర్లు ఎందుకుంటాయో వేళ్లమీద లెక్కపెట్టి చూపించారు: 1, 3, 5, 7, 9, మళ్లీ 2, 4, 6, 8. ఒకటి విడిచి ఒకటి మండుతూ, ఇంజన్ రెండు చుట్లు తిరిగేసరికి అన్నీ పూర్తవుతాయి. కింది సిలిండర్లలోకి నూనె దిగి నిలిచిపోతుందట, అలాగే స్టార్ట్ చేస్తే ఆ నూనె అణగదు, పిస్టన్‌ని పట్టుకున్న రాడ్ వంగిపోతుంది. అందుకే ముందు ప్రొపెల్లర్‌ని చేత్తో తిప్పేవారు. ఆయన దగ్గరే గంటన్నర గడిచింది.

బస విమానాశ్రయం దగ్గరి హోటల్లో. గది శుభ్రంగా ఉంది, షటిల్ మాత్రం 50 నిమిషాలు ఆలస్యం. కారు అద్దెకు తీసుకోవడమే మేలు.

ఒక్కరోజే వీలైతే విండ్సర్ లాక్స్‌కే వెళ్లండి. అక్కడే సికోర్‌స్కీ వీఎస్-44 నీటి విమానం ఉంది, నాలుగు ట్విన్ వాస్ప్ రేడియల్స్‌తో. మూడే కట్టారు, మిగిలింది అదొక్కటే.