ట్రైలర్ లాగడానికి పాత డీజిల్ ట్రక్కు: 2006 డాడ్జ్ రామ్ 2500
డాలస్ చుట్టుపక్కల మనవాళ్లు ఊరి బయట ఐదో పదో ఎకరాలు కొంటున్నారు. పొలం కొన్నాక ట్రాక్టర్, దాన్ని ఎక్కించుకెళ్లడానికి ట్రైలర్, ఆ ట్రైలర్‌ని లాగే బండి, వరసగా అన్నీ కావాల్సిందే. కొత్త డీజిల్ ట్రక్కు రేటు చూస్తే గుండె గుభేలుమంటుంది, అందుకే నేను 5.9 లీటర్ల కమ్మిన్స్ ఇంజిన్ ఉన్న 2006 రామ్ 2500 సెకండ్ హ్యాండ్‌లో తీసుకున్నా. లాగే పనికి దీనికి తిరుగులేదు.

ఆరు సిలిండర్లు ఒకే వరసలో ఉండే ఇంజిన్, 325 హార్స్‌పవర్, 610 పౌండ్-ఫీట్ టార్క్ (చక్రాల్ని తిప్పే బలం), అదీ 1600 ఆర్‌పీఎమ్‌కే అందుతుంది కాబట్టి ఓక్లహోమా వైపు ఐ-35 మీద అర్బకిల్ కొండలు ఎక్కేటప్పుడు వెనక ట్రాక్టర్ ఉన్నా ఆయాసపడదు. 2007 మధ్యలో వచ్చిన 6.7 లీటర్ల ఇంజిన్ నుంచి మొదలైన డీపీఎఫ్ (పొగలోని మసిని పట్టే ఫిల్టర్) తలనొప్పి ఇందులో లేదు. ఖాళీగా హైవే మీద గాలన్‌కి 17, 18 మైళ్లు ఇస్తుంది, ట్రైలర్ తగిలిస్తే 11, 12.

కొనేటప్పుడు అందరూ మైళ్లే అడుగుతారు. నన్నడిగితే ఇంజిన్ కంటే గేర్‌బాక్స్ గురించి భయపడాలి. ఇందులో వచ్చే 48ఆర్‌ఈ అనే ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌కి ఈ టార్క్ మోయడం కష్టమని ఈ బండ్లు తెలిసిన మెకానిక్ ఎవరైనా చెప్తాడు, పైగా పాత ఓనర్ పవర్ పెంచే ట్యూనర్ పెట్టి తోలి ఉంటే దాని పని అయిపోయినట్టే. బండి వేడెక్కాక, ఇంజిన్ ఆన్‌లోనే ఉంచి, న్యూట్రల్‌లో పెట్టి గేర్‌బాక్స్ ఆయిల్ డిప్‌స్టిక్ తీసి వాసన చూడండి. మాడు వాసన వస్తే బేరం కూడా ఆడొద్దు, వచ్చేయండి.

మీరు వచ్చేదాకా బండి స్టార్ట్ చేయొద్దని అమ్మేవాళ్లకి ముందే చెప్పండి. నేను చూసిన ఒక డీలర్ దగ్గర బానెట్ మీద చెయ్యి పెడితే అప్పటికే వేడిగా ఉంది, చల్లటి ఇంజిన్ ఎలా స్టార్ట్ అవుతుందో దాచాలనే కదా! స్టార్ట్ అయ్యాక ఇంజిన్ ఆయిల్ పోసే చోట మూత విప్పి అక్కడే తిరగేసి పెట్టండి. కాస్త ఆవిరి రావడం మామూలే, మూత ఎగిరి పడితే మాత్రం పిస్టన్ రింగులు అరిగాయేమో అని గట్టిగా అనుమానించాలి. ఫోర్ వీల్ డ్రైవ్ అయితే ముందు చక్రాల బాల్ జాయింట్లు, ట్రాక్ బార్ (ముందు ఇరుసు పక్కలకి జరగకుండా పట్టే కడ్డీ) చూడకుండా డబ్బులివ్వొద్దు, అవి లూజుగా ఉంటే గుంతలో పడగానే స్టీరింగ్ చేతుల్లో ఆగదు.

ఇంకో మాట, డ్రైవర్ డోర్ పక్కన, ట్రక్కు ఎంత బరువు మోయగలదో రాసిన స్టిక్కర్ చదవండి. 12,000 పౌండ్ల ట్రైలర్ వెనక బంపర్ కింద ఉండే మామూలు హిచ్‌కి (కొక్కేనికి) తగిలిస్తే 1,200 నుంచి 1,800 పౌండ్లు ట్రక్కు మీదే పడతాయి, దానికి ఇంట్లోవాళ్లు, సామాన్లు కలుపుకోండి. లాగే శక్తి ఉంది కదా అని పిల్లల్ని ఎక్కించుకుని బరువు దాటించొద్దు, దయచేసి. ట్రక్కు బ్రేక్ తొక్కితే ట్రైలర్ బ్రేకులు కూడా పడేలా చేసే ట్రైలర్ బ్రేక్ కంట్రోలర్ లేకపోతే మొదటి ప్రయాణానికి ముందే పెట్టించండి.

అదే సంవత్సరాల ఫోర్డ్ 6.0 లీటర్ల డీజిల్ ట్రక్కు తక్కువకి దొరుకుతుంది. హెడ్ గాస్కెట్లు, ఈజీఆర్ కూలర్ (ఇంజిన్‌లోకి తిరిగి పంపే పొగని చల్లబరిచేది) మార్చినట్టు బిల్లులు చూపిస్తే తప్ప దాని జోలికి వెళ్లకండి.