చెట్ల మొదళ్లు చూడ్డానికి హైదరాబాద్ వెళ్లొచ్చాం

మా పెరట్లో ఏడేళ్ల నిమ్మచెట్టు ఉంది. పోయిన వానాకాలం నుంచి దాని మొదట్లో బంక కారుతోంది, ఆకులు పసుపెక్కి రాలుతున్నాయి, ఎవర్ని అడిగినా ఎరువు వెయ్యమనే అన్నారు తప్ప చెట్టు దగ్గర వంగి చూసినవాళ్లు లేరు. ఆ దిగులుతోనే జులైలో నేనూ మా వదినా హైదరాబాద్ బయల్దేరాం. ఈసారి చుట్టాలిళ్లు, షాపింగు ఏమీ పెట్టుకోకుండా రెండు రోజులూ తోటల్లోనే తిరగాలనుకున్నాం.

ఖమ్మం నుంచి రైల్లో వచ్చి సికింద్రాబాద్‌లో దిగితే, దగ్గర్లోనే సికింద్రాబాద్ ఈస్ట్ మెట్రో స్టేషన్. బ్లూ లైను కాబట్టి ఎక్కడా మారకుండా నేరుగా హైటెక్ సిటీలో దిగొచ్చు, అక్కణ్ణుంచి బొటానికల్ గార్డెన్ ఉన్న కొత్తగూడకి ఆటో. సామానుతో వచ్చే ఆడవాళ్లకి ఇంతకన్నా సుఖమైన దారి నాకు తెలీదు.

కొండాపూర్‌లో ఒక చిన్న హోటల్లో దిగాం. రూము, బాత్రూము శుభ్రంగానే ఉన్నాయి, వేణ్ణీళ్లకి లోటు లేదు. కానీ టిఫినుతో కలిపి డబ్బులు కట్టించుకుని, టిఫిను తొమ్మిదింటికి గానీ పెట్టరట! మేం ఆరింటికే తోటకి వెళ్లాలి, రెండు ఇడ్లీలు ముందు రాత్రే కట్టివ్వమంటే కుదరదన్నారు. పైగా కిటికీ వెనకే జనరేటరు, కరెంటు పోయినప్పుడల్లా నిద్ర లేదు. తోటల కోసం వచ్చేవాళ్లు రూము ఎటువైపు ఉందో, టిఫిను ఎన్నింటికో ముందే అడిగి తీసుకోండి. రెండో రోజు మేం రోడ్డు మీద బండి దగ్గరే తిన్నాం, వేడివేడిగా, బాగుంది.

ఇక కొత్తగూడ బొటానికల్ గార్డెన్. మాజీ ముఖ్యమంత్రి కోట్ల విజయభాస్కర రెడ్డి పేరు పెట్టారు, అటవీ అభివృద్ధి సంస్థ చూసుకుంటుంది, రిజర్వ్ ఫారెస్టుతో కలిపి 274 ఎకరాలు. చుట్టూ అద్దాల మేడలు, లోపలికి నడిచిన కాసేపటికే రాతిగుండ్లు, వెదురు పొదలు, వానకి తడిసిన ఎర్రమట్టి వాసన. పార్కులా రంగురంగుల పూలమడులు ఉంటాయనుకుని వచ్చేవాళ్లకి కొంచెం బోసిగా అనిపించొచ్చు. నాకు మాత్రం అదే నచ్చింది. ఇసుక కలిసిన ఈ ఎర్ర చల్క నేలలో నీళ్లు ఇట్టే ఇంకిపోతాయి, ఎండాకాలం నలభై దాటే వేడి, అయినా ఇక్కడి చెట్లు ఎలా బతుకుతున్నాయో నేర్చుకోవాలంటే ఇలాంటి చోటే చూడాలి. చెట్ల కింద రాలిన ఆకుల్ని ఊడ్చెయ్యకుండా వదిలేసిన చోట చెయ్యి పెట్టి చూశాను. పైన ఎండిన ఆకులు, ఒక పొర తీస్తే నల్లగా చివికినవి, దాని కింద మట్టి చల్లగా, తడిగా ఉంది. నాలుగడుగుల అవతల ఆకు లేని చోట మట్టి అప్పటికే పొడిపొడి. మా వదిన ఇంట్లో రోజూ పొద్దున్నే మామిడి కింద ఆకులన్నీ ఊడ్చి కాలుస్తుంది, చాలాసేపు అక్కడే నిలబడిపోయింది.

వెదురు దగ్గర కూడా ఆగాల్సిందే. వానలకి కొత్త పిలకలు నేలని చీల్చుకుని వస్తున్నాయి, ఒక్కోటి పైన పొరలు చుట్టుకుని కొమ్ములా ఉంది. ఈ రోజుల్లో వెదురు కొయ్యకూడదు. వానలు తగ్గాక, మూడేళ్లు దాటిన ముదురు గడల్ని మాత్రమే, నేలకి దగ్గర్లో ఉన్న కణుపుకి కాస్త పైన కొయ్యాలి. కణుపుల మధ్య కోస్తే మిగిలిన మోడు గిన్నెలా నీళ్లు పట్టి కుళ్లుతుంది.

అక్కడే ఒక మాలీ కనిపిస్తే నా ఫోన్లో నిమ్మచెట్టు ఫొటో చూపించాను. ఆయన జబ్బు పేరు కూడా చెప్పలేదు, ఫొటో పెద్దది చేసి మొదలు చూసి, "మట్టి ఇంత ఎత్తున ఎగదోశారేందమ్మా, నీళ్లు కూడా మొదట్లోనే పోస్తున్నారా?" అన్నాడు. అవును, ఏడేళ్లుగా అదే చేస్తున్నాం, ప్రేమగానే చేస్తున్నాం. నిమ్మజాతికి రెండు గట్ల పాది చెయ్యాలట. మొదలు చుట్టూ ఒక చిన్న గట్టు, దానికి దూరంగా కొమ్మలు పరుచుకున్న మేర ఇంకో గట్టు, నీళ్లు ఆ రెండింటి మధ్యే నిలవాలి, కాండానికి తగలకూడదు. అంటు కట్టిన చోటు ఎప్పుడూ మట్టికి పైనే ఉండాలి.

ఇది విన్నాక మా చూపే మారిపోయింది, ఏ తోటకి వెళ్లినా ముందు మొదళ్లే చూశాం. నాంపల్లి పబ్లిక్ గార్డెన్స్ 1846లో నిజాం కాలంలో వేసిన తోట, నీడకి దానికి సాటి లేదు, పెద్దవాళ్లతో వెళ్తే మొదట అక్కడికే వెళ్లండి, అసెంబ్లీ మెట్రో స్టేషన్ పక్కనే. నయా ఖిలాలోని బావోబాబ్ చెట్టు కోసం గోల్కొండ దాకా వెళ్లడం అలసటే, కానీ ఏనుగు ఒళ్లులా ముడతలు పడ్డ ఆ కాండం ముందు నిలబడితే అలసట గుర్తుండదు. ఆఫ్రికా చెట్టు, కాండంలోనే నీళ్లు దాచుకుంటుంది. ఇంకో పార్కులో మాత్రం, పేరు రాయను, చెట్ల మొదళ్ల దాకా సిమెంటు పోసి, కాండానికి మేకులు కొట్టి బోర్డులు పెట్టారు. చాలా బాధేసింది.

తిరుగుదారిలో రోడ్డు పక్క నర్సరీలో మోసపోయాం కూడా. అంటు మామిడి అని అమ్మారు, ఇంటికొచ్చి చూస్తే కాండానికి ఎక్కడా అతుకు లేదు, ఉత్త టెంక మొక్క. కొనేటప్పుడు కాండం మీద మట్టి నుంచి అడుగు ఎత్తు లోపు అతుకు గుర్తు ఉందేమో చూడండి, కవరు అడుగున వేర్లు చుట్టలు చుట్టుకున్నాయేమో కూడా చూడండి.

వచ్చిన మర్నాడే నిమ్మ చుట్టూ మట్టి తీసేశాను. బంక ఉన్న బెరడు గోకి, తెగులుకి పూసే బోర్డో పేస్టు పూశాను. కిలో మైలుతుత్తం, కిలో సున్నం, పది లీటర్ల నీళ్లు లెక్క, నేను అందులో పదో వంతు చేసుకున్నాను, ఇనుప గిన్నెలో కాదు, ప్లాస్టిక్ బకెట్లలో విడివిడిగా కరిగించి కలిపాను. సున్నం సరిపోయిందో లేదో చూద్దామని ఇనుప కత్తి ముంచితే ఎర్రగా పట్టింది, ఇంకొంచెం సున్నం వేశాక ఆగింది. ఇప్పటికి పద్దెనిమిది రోజులు. బంక కొత్తగా కారట్లేదు, ఒక కొమ్మకి చిగురు కనిపిస్తోంది.