బొల్లి మచ్చలకు ఆన్‌లైన్‌లో లైటు కొంటున్నారా? ముందు మా పాపకు జరిగింది చదవండి

పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ, బరంపురం వైపున్న మనవాళ్లందరికీ చెబుతున్నాను. బొల్లి మచ్చలకు ఇంట్లోనే పెట్టుకునే లైటు అని ఫోన్లో ప్రకటన కనిపిస్తే, డాక్టర్ రాసివ్వకుండా దాన్ని ఆర్డర్ పెట్టకండి. మా పాప చెయ్యి కాలిపోయింది, రెండు రోజులు కళ్లు తెరవలేకపోయింది.

పాప డిగ్రీ రెండో సంవత్సరం. కుడిచేతి వేళ్ల మీద, పెదవి పక్కన మచ్చలు వచ్చి ఏడాదిన్నర అయింది. డాక్టర్ వారానికి మూడుసార్లు లైటు పెట్టించమన్నారు. మా ఊరి నుంచి బరంపురం వెళ్లి రావడమంటే రోజంతా పోతుంది, వారానికి మూడు రోజులు కాలేజీ మానిపించి ఎలా తిప్పుతాం? పైగా మా ఆడపడుచు వచ్చినప్పుడల్లా సంబంధాల మాట ఎత్తుతుంది, ఆ టెన్షన్ ఒకటి. అప్పుడే నాకు ఈ ప్రకటన కనిపించింది. చేతి వేళ్ల మచ్చలు నెలలో పోయినట్టు ఫోటోలు, ఆసుపత్రిలో ఉండేదీ ఇదే అనే మాట. 6,800 రూపాయలు పెట్టి తెప్పించాను.

పెట్టెలో చేత్తో పట్టుకునే చిన్న లైటు, రంగు ప్లాస్టిక్ కళ్లద్దాలు, ఒక కాగితం ఉన్నాయి. రోజూ 5 నిమిషాలు పెట్టమని ఆ కాగితంలో ఉంది. అంతకుమించి ఏమీ లేదు, ఎంత దూరంలో పెట్టాలో కూడా లేదు. రాత్రి 9 గంటలకు పాప చేతికి 5 నిమిషాలు, పెదవి పక్కన 5 నిమిషాలు పెట్టాను. పెట్టినప్పుడు నొప్పి లేదు, వేడి కూడా లేదు. అందుకే ఏ భయమూ లేకుండా పడుకున్నాం.

తెల్లవారుజామున మూడింటికి పాప కళ్లలో ఇసుక పోసినట్టుందని ఏడుస్తూ లేచింది, నీళ్లు ఆగడం లేదు. వెల్డింగ్ చూసినవాళ్లకు రాత్రి కళ్లు మండుతాయే, అచ్చం అదే. మధ్యాహ్నానికి చెయ్యి ఎర్రగా వాచింది, సాయంత్రానికి వేళ్ల మీద బొబ్బలు. ఎవరో చెప్పారని మా అత్తగారు టూత్‌పేస్ట్ తేబోతే ఆపి చల్లటి నీళ్లు పోశాను, అదొక్కటే నేను సరిగ్గా చేసిన పని.

చర్మం డాక్టర్ దగ్గర నాకు అర్థమైంది చెబుతాను, ఎందుకంటే ఇవేవీ ఆ కాగితంలో లేవు. బొల్లికి వాడేది నారోబ్యాండ్ యూవీబీ, అంటే 311 నానోమీటర్ల దగ్గరి అతినీలలోహిత (అల్ట్రావయొలెట్) కాంతి. దాని మోతాదు నిమిషాల్లో ఉండదు, చర్మం మీద పడే కాంతి శక్తిని చదరపు సెంటీమీటరుకు ఎన్ని మిల్లీజౌల్స్ అని లెక్క. మామూలుగా 200 దగ్గర మొదలుపెట్టి, చర్మం ఎలా ఉందో చూసుకుంటూ 10 నుంచి 20 శాతం చొప్పున పెంచుతారు. లైటు చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీవాట్లు ఇస్తుంటే 200 మిల్లీజౌల్స్‌కు 100 సెకన్లు చాలు, 5 నిమిషాలంటే 600 పడుతుంది. లైటు ఇంకా బలమైనదైతే, ఇంకా దగ్గరగా పెడితే అంతకు ఎన్నో రెట్లు. మా లైటు బలమెంతో పెట్టె మీద ఎక్కడా లేదు. ట్యూబు మీద నంబరు కూడా లేదు, అందుకని అది అసలు ఏ రకం కాంతో డాక్టర్ కూడా చూసి చెప్పలేనన్నారు. క్రిములు చంపడానికి అమ్మే 254 నానోమీటర్ల ట్యూబులు కూడా చూడ్డానికి ఇలాగే ఉంటాయట, అవి చర్మానికీ కళ్లకీ తగలకూడదు.

యూవీబీ కాలిన ఎరుపు వెంటనే కనిపించదు, 12 నుంచి 24 గంటల మధ్య బాగా తేలుతుంది. అందుకే రోజూ పెట్టకూడదు, మధ్యలో ఒక రోజైనా వదలాలి. లేత గులాబీ రంగు వచ్చి ఒక రోజులో పోతే ఫరవాలేదు, నొప్పి గానీ బొబ్బ గానీ వస్తే మానేదాకా ఆపెయ్యాలి.

ఇంకొకటి, దీనికి తప్పు నాదే. లైటు తెప్పించక ముందు నుంచీ పాప ఉదయం బావంచి నూనె రాసుకుని ఎండలో కూర్చునేది. బావంచి గింజల్లో సోరాలెన్ అనే పదార్థం ఉంటుంది, అది చర్మాన్ని కాంతికి మరీ సున్నితంగా చేస్తుంది. ఆ సంగతి నాకు తెలియదు. డాక్టర్ అడిగేదాకా చెప్పాలని కూడా తోచలేదు. మీ ఇంట్లో నూనె, లేపనం, చివరికి మొటిమలకు వాడే డాక్సీసైక్లిన్ మాత్ర అయినా సరే, లైటు మాట ఎత్తగానే డాక్టర్‌కు చెప్పండి. ఎండ తగిలితే ముదిరే లూపస్ జబ్బు ఉన్నవాళ్లయితే మరీను.

నాకు అన్నిటికన్నా బాధ వేరే ఉంది. బొల్లి ఉన్నవాళ్లకు కాలినచోట, గీసుకున్నచోట కొత్త మచ్చ రావచ్చు. పాప బొబ్బలు మానాక రెండు వేళ్ల మీద తెలుపు ఇంకా పాకింది. మచ్చ పోగొడదామని తెచ్చిన వస్తువే మచ్చను పెంచింది. పైగా వేళ్లు, పెదవులు ఈ వైద్యానికి తేలిగ్గా లొంగనివి. ముఖం, మెడ కాస్త మేలు, అక్కడ కూడా ఫలితం తేల్చుకోవడానికే నెలలు పడుతుంది. వేళ్ల మచ్చ నెలలో పోయిన ఫోటో చూసినప్పుడే నేను ఆగాల్సింది. బొల్లి నయం చేస్తామని మందులకు ప్రకటన ఇవ్వడం 1954 నాటి చట్టం ప్రకారమే నిషేధం, ఆ సంగతీ ఇప్పుడే తెలిసింది.

డాక్టర్ రాసిచ్చి, సెకన్లు లెక్కేసి ఇచ్చి, దగ్గరుండి నేర్పితే ఇంట్లో లైటు పెట్టుకునేవాళ్లు ఉన్నారు. లైటే చెడ్డదని నేను అనడం లేదు. కొనేముందు ట్యూబు నంబరు, లైటు బలం, తయారీ లైసెన్సు నంబరు అడగండి. చెప్పకపోతే వదిలెయ్యండి.

అమ్మినవాళ్లు పెట్టె విప్పారు కాబట్టి వాపసు లేదన్నారు, తర్వాత ఫోన్ ఎత్తడం మానేశారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు రాయించాను. అమ్మినవాళ్లు వేరే రాష్ట్రంలో ఉన్నా 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం మన జిల్లా వినియోగదారుల కమిషన్లోనే కేసు వెయ్యొచ్చు. ఇప్పటికే ఎవరైనా ఆర్డర్ పెట్టి ఉంటే, పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయండి, బిల్లు దాచండి, ఆ లైటును మాత్రం ఒంటికి చూపించకండి.