రెండేళ్లుగా మా ఇంటి ఆర్కేడ్ మెషీన్‌లో ముగ్గురు వైకింగ్‌లు

ఇంటికి ఆర్కేడ్ మెషీన్ రాగానే అందరూ ముందు ఫైటింగ్ ఆటలే పెడతారు, నేనూ అదే చేశాను. కానీ ఈ రెండేళ్లలో మా మెషీన్‌లో ఎక్కువ నడిచింది ద లాస్ట్ వైకింగ్స్. 1993లో సూపర్ నింటెండో అనే గేమ్ కన్సోల్‌కి వచ్చిన ఆట, చేసింది సిలికాన్ అండ్ సినాప్స్, అంటే తర్వాత బ్లిజార్డ్ అయిన కంపెనీయే.

టొమేటర్ అనే గ్రహాంతరవాసి ముగ్గురు వైకింగ్‌లను ఎత్తుకుపోతాడు. ఎరిక్ పరిగెత్తుతాడు, ఎగురుతాడు, తలతో గోడలు బద్దలుకొడతాడు. బేలియోగ్ దగ్గర కత్తి, విల్లు ఉంటాయి. ఓలాఫ్ దగ్గర ఉన్నది డాలు ఒక్కటే. ముగ్గురూ గమ్యం చేరితేనే లెవెల్ పూర్తవుతుంది, ఒక్కడు పోయినా మళ్లీ మొదటినుంచి ఆడాల్సిందే. ఒక్కొక్కరికి మూడు ప్రాణాలు, సామాన్లకు నాలుగు గళ్లు, మొత్తం 37 లెవెల్స్. గట్లమీద దూకుతూ సాగే ప్లాట్‌ఫామ్ ఆటే అయినా వేలికన్నా బుర్రకే పని ఎక్కువ.

మొదటి నెల మాత్రం చాలా విసుగొచ్చింది. తప్పు ఆటది కాదు, బటన్లది. ఒక వైకింగ్ నుంచి ఇంకొకడికి మారడానికి కన్సోల్‌తో వచ్చే చేతి ప్యాడ్‌లో పైన భుజాల దగ్గర రెండు బటన్లు ఉంటాయి, ఆర్కేడ్ ప్యానెల్‌లో అలాంటి చోటు ఉండదు. మెషీన్‌తో వచ్చిన సెట్టింగ్‌లో ఆ రెండూ ఒకటి పై వరుసలో, ఒకటి కింది వరుసలో ఎక్కడో పడ్డాయి. డాలు ఎత్తబోతే మనిషి మారిపోయేవాడు. చివరికి ఆరు బటన్లలో కుడి చివరి రెండింటినీ, పైదీ కిందదీ, మారడానికే కేటాయించి, సామాన్ల తెరను స్టార్ట్ పక్కనున్న చిన్న బటన్‌కి పెట్టాను. ఆ రోజునుంచి చూపుడు వేలు, మధ్య వేలు ఆట ఆడతాయి, ఉంగరపు వేలు మనిషిని మారుస్తుంది, ఇప్పుడు చూడకుండానే నొక్కేస్తున్నాను.

జాయ్‌స్టిక్ గురించి కూడా చెప్పాలి. మొదట ఉన్నదానికి చదరపు గేటు (కర్ర ఎటు ఎంత కదలాలో ఆపే కింది పలక), ఎరిక్‌ని పరుగెత్తించి తలతో గుద్దించబోతే చెయ్యి మూలకి జారేది, పరుగు తెగిపోయేది. ఎనిమిది మూలల గేటు మార్చాక ఆ బాధ తగ్గింది, అయితే ఏడాదిన్నర దాటాక కుడివైపు మైక్రోస్విచ్, అంటే కర్ర కదిలినప్పుడు నొక్కుకునే చిన్న స్విచ్, అరిగి టిక్ మనడం మానేసింది. అది చిన్న ముక్కే, పది నిమిషాల్లో మార్చేయొచ్చు. ఒకటి స్పేర్ పెట్టుకోండి.

తెర పాత టీవీల్లాగా 4:3 కొలతలోనే ఉంచండి. వెడల్పు తెరకు సాగదీస్తే ఓలాఫ్ పొట్ట ఇంకా పెద్దదవుతుంది సరే, దూకే దూరం మాత్రం కంటికి తప్పుగా కనిపిస్తుంది.

అసలు మజా ఇద్దరు పక్కపక్కన నిలబడితేనే. తమ్ముడికి ఓలాఫ్ ఇష్టం, నాకు ఎరిక్. వాడు డాలు తలమీదకి ఎత్తి నిలబడితే నేను దానిమీదకెక్కి అందని గట్టు మీదికి దూకాలి. ఒకసారి ఈజిప్టు లెవెల్లో నాకు మిగిలింది ఒకే ప్రాణం, "ఎత్తు, ఎత్తు, ఇంకా దించకు" అని అరుస్తున్నాను, నేను గాల్లో ఉండగా వాడు డాలు ముందుకి దించేశాడు. ఇరవై నిమిషాల కష్టం పోయింది. ఇద్దరం మాట్లాడకుండా మళ్లీ మొదలుపెట్టాం, రెండోసారి వాడు డాలు దించకుండా నేను గట్టెక్కేదాకా ఊపిరి బిగబట్టి నిలబడ్డాడు. ప్యాడ్ పట్టుకుని సోఫాలో ఆడినప్పుడు ఈ టెన్షన్ నాకెప్పుడూ రాలేదు.

ముగ్గురు ఒకేసారి ఆడాలంటే సెగా వాళ్ల మెగా డ్రైవ్ కన్సోల్ వెర్షన్ చూడండి, అందులో ముగ్గురికీ వీలుంది, అదనపు లెవెల్స్ కూడా ఉన్నాయి. రెండు జాయ్‌స్టిక్‌ల మెషీన్ అయితే మూడోవాళ్లకి యూఎస్‌బీ ప్యాడ్ తగిలించాలి.

ఒక్కరే ఆడతారనుకుంటే మాత్రం ఎత్తు స్టూల్ కొనుక్కోండి. లెవెల్ ఎలా గట్టెక్కాలో ఆలోచిస్తూ కదలకుండా నిలబడే సమయమే ఇందులో ఎక్కువ, గంట దాటితే కాళ్లు లాగేస్తాయి. నేను ఫ్యాక్టరీ లెవెల్స్ దగ్గరికి వచ్చాక గానీ స్టూల్ తెచ్చుకోలేదు.