అమెరికా చదువుకి ‘ఫండ్స్ చూపిస్తాం’ అనేవాళ్లతో జాగ్రత్త

పిల్లల్ని ఎమ్మెస్‌కి పంపే ఆలోచనలో ఉన్నవాళ్లు ఇది చదవండి. వీసాకి కావాల్సిన ఐ-20 అనే పత్రం అమెరికా యూనివర్సిటీ నుంచి రావాలంటే మొదటి ఏడాది ఖర్చుకి సరిపడా డబ్బున్నట్టు యూనివర్సిటీకి కాగితాలు చూపించాలి. ఆ అవసరం మీదే హైదరాబాద్‌లో ఓ వ్యాపారం నడుస్తోంది. మీ ఖాతాలో వాళ్ల డబ్బు వేసి, బ్యాంకు నుంచి బ్యాలెన్స్ సర్టిఫికెట్ తీయించి, పనైపోగానే లాగేసుకుంటారు. లక్షకి ఇంతని కమీషన్.

మా బాబాయి కొడుక్కి ఇలాగే ‘సాయం’ చేశారు. ఫిర్యాదు నడుస్తోంది కాబట్టి కన్సల్టెన్సీ పేరు రాయడం లేదు. బాబాయి దగ్గర సంతకాలు పెట్టించిన ఖాళీ చెక్కులు, ఖాళీ బాండు పేపరు, ఏటీఎం కార్డు, ఆఖరికి ఖాతాకి లింకైన సిమ్ కూడా తీసుకున్నారు. కమీషన్‌కి రసీదు అడిగితే విజిటింగ్ కార్డు వెనక బాల్‌పెన్నుతో ‘ఫండ్స్ - పెయిడ్’ అని గీకి ఇచ్చారు. తేదీ లేదు, ముద్ర లేదు, ఎంత తీసుకున్నారో కూడా లేదు.

ఐ-20 వచ్చింది గానీ వీసా స్లాట్ దొరకలేదు. ఇంటర్వ్యూ అయ్యేదాకా బ్యాలెన్స్ కదపకూడదన్నారు, కమీషన్ మీటరు మాత్రం తిరుగుతూనే ఉంది. ఇక ఇచ్చుకోలేమంటే ‘మీ చెక్కులు మా దగ్గరున్నాయి’ అన్నారు. అది ఉత్త బెదిరింపు అనుకోకండి. సంతకమున్న చెక్కు బాకీ తీర్చడానికే ఇచ్చారని చట్టం ముందే అనుకుంటుంది. బౌన్స్ అయితే నెగోషియబుల్ ఇన్‌స్ట్రుమెంట్స్ చట్టం సెక్షన్ 138 కింద కేసు వేస్తారు, బాకీ లేదని నిరూపించుకోవాల్సింది మనమే.

ఇంకో టెన్షన్ ఉంది. ఆ డబ్బు ఎక్కడిదో మనకి తెలియదు. ఏ సైబర్ మోసంలోనో కొట్టేసిన సొమ్మైతే మన ఖాతానే ఫ్రీజ్ అవుతుంది. ఇక తప్పుడు కాగితాలతో వీసాకి వెళ్లినట్టు కాన్సులేట్‌లో తేలితే, అమెరికా చట్టం ప్రకారం శాశ్వత అనర్హత పడుతుంది. పోయేది పిల్లాడి చదువు, కన్సల్టెన్సీది కాదు.

అసలు చాలా యూనివర్సిటీలకి ఎడ్యుకేషన్ లోన్ మంజూరైందని బ్యాంకు ఇచ్చే సాంక్షన్ లెటర్ చాలు. విద్యాలక్ష్మి పోర్టల్‌లో ఒకే దరఖాస్తుతో మూడు బ్యాంకులకి పెట్టుకోవచ్చు. మామూలుగా ₹7.5 లక్షలు దాటితే ఆస్తి తాకట్టు అడుగుతారు, దానికి ముందే సిద్ధపడండి. కొందరు ఏజెంట్లు ‘ఇన్-ప్రిన్సిపల్’ లెటర్ చేతిలో పెట్టి లోన్ వచ్చేసిందంటారు. అది సూత్రప్రాయ అంగీకారమే, సాంక్షన్ కాదు. పీఎం విద్యాలక్ష్మి కింద ఇప్పిస్తామని ఎవరైనా ఫీజు అడిగితే అక్కడే లేచి వచ్చేయండి, ఆ పథకం దేశంలోని కాలేజీలకే. తెలంగాణవాళ్లైతే అంబేడ్కర్, జ్యోతిబా ఫూలే ఓవర్సీస్ విద్యానిధి పథకాలు కూడా చూడండి. అర్హత ఉంటే ₹20 లక్షల దాకా ఇస్తారు. కన్సల్టెన్సీలు వీటి ఊసే ఎత్తవు, వాటిలో వాళ్లకి మిగిలేదేముంది?

ఇప్పటికే చెక్కులు ఇచ్చేసినవాళ్లు వాటి నంబర్లతో విషయం బ్యాంకు మేనేజర్‌కి రాతపూర్వకంగా ఇచ్చి, అందినట్టు ముద్ర వేయించుకోండి. సిమ్ బ్లాక్ చేయించి అదే నంబరు మీద కొత్తది తీసుకోండి. నెట్ బ్యాంకింగ్ పాస్‌వర్డ్ మార్చండి. బాబాయి ఇవన్నీ చేసి, పోలీస్ స్టేషన్‌లోనూ ఫిర్యాదు ఇచ్చాక కొన్ని చెక్కులు వెనక్కొచ్చాయి. రెండు ఇంకా వాళ్ల దగ్గరే ఉన్నాయి.