గిటార్ పట్టాలా, మౌస్ పట్టాలా? హైదరాబాద్‌లో ఏది మేలు?

"అన్నా, సెషన్స్ వాయించుకుంటూ ఉండాలా, ప్రొడక్షన్‌లోకి దిగాలా?" అంటే, ఇతరుల పాటల రికార్డింగుల్లో వాద్యం వాయించడమా, కంప్యూటర్ ముందు కూర్చుని పాట మొత్తం తయారుచేయడమా అని. ఈ ఏడాది ఎవరో ఒకరు ఇది అడగని వారం లేదు. రామ్‌కోటి త్యాగరాజ సంగీత కళాశాలలో వయొలిన్ నేర్చుకుంటున్న అమ్మాయి అడిగింది. చర్చిలో కీబోర్డ్ వాయించే కుర్రాడు అడిగాడు. పదేళ్లుగా పెళ్లి ఆర్కెస్ట్రాలో ప్యాడ్స్ (ఎలక్ట్రానిక్ డ్రమ్స్) వాయిస్తున్న స్నేహితుడు కూడా అడిగాడు. నేను రెండూ చేస్తాను. గిటార్, బేస్, అవసరమైతే మాండొలిన్ వాయిస్తాను. పాట చేతికిస్తే ప్రోగ్రామింగ్ (కంప్యూటర్‌లో వాద్యాలు పేర్చడం) మొదలుకుని మిక్స్ (అన్ని శబ్దాల మోతాదు కుదర్చడం) దాకా తీసుకెళ్తాను. మొన్న దసరాకు ముందు ఒక సంగీత దర్శకుడు పూర్తికాలం ప్రోగ్రామర్‌గా రమ్మన్నారు. వారం రోజులు ఆలోచించి వద్దనుకున్నాను. ఎందుకు వద్దనుకున్నానో రాస్తే అందరికీ ఒకేసారి జవాబు చెప్పినట్టవుతుంది.

ముందు డబ్బు సంగతి. వాద్యకారుడి ఆదాయం పంచాంగాన్ని బట్టి నడుస్తుంది. రికార్డింగుల మీదే బతికేవాళ్లు హైదరాబాద్‌లో తక్కువ. మిగతావాళ్లం పెళ్లిళ్లు, సంగీత్‌లు, కంపెనీల షోలు కలుపుకుంటేనే ఇల్లు గడుస్తుంది. మాఘం, ఫాల్గుణం, వైశాఖంలో ఒకే రాత్రికి రెండు చోట్ల నుంచి పిలుపు వస్తుంది. ఆషాఢం వచ్చిందంటే ఫోన్ మోగదు. దానికి శుక్ర మూఢమో గురు మూఢమో తోడైతే ఇంకొన్ని వారాలు ఖాళీ.

ప్రొడక్షన్ పంచాంగం వేరు. పెళ్లిళ్లు లేని ఆ ఆషాఢంలోనే బోనాలు. ఆ పాటలు అంతకు నెల ముందే తయారవ్వాలి. అవి అయ్యాక వినాయక చవితి పాటలు, ఆ వెంటనే బతుకమ్మ పాటలు, కార్తీకం దగ్గరపడుతుంటే అయ్యప్ప పాటలు, ఆపైన క్రిస్మస్ ఆల్బమ్‌లు. తెలుగు క్రైస్తవ గీతాల రికార్డింగులైతే ఏడాది పొడవునా ఉంటాయి. యూట్యూబ్ జానపదాలకు సీజనే లేదు. సినిమా గుమ్మం తొక్కకుండా వీటితోనే కుటుంబాన్ని నడుపుతున్న ప్రోగ్రామర్లు యూసఫ్‌గూడ, కృష్ణానగర్ గల్లీల్లో నాకు తెలిసినవాళ్లే ఉన్నారు. నెలనెలా వచ్చే డబ్బు లెక్కలో ప్రొడ్యూసర్‌దే పైచేయి. పెట్టుబడి మాత్రం అతనికే ఎక్కువ: కంప్యూటర్, మానిటర్ స్పీకర్లు, లైబ్రరీలు (ముందే రికార్డు చేసిపెట్టిన వాద్య శబ్దాలు), గదికి సౌండ్ ట్రీట్‌మెంట్. వాద్యకారుడికి మంచి వాద్యం, ఒక ఆడియో ఇంటర్‌ఫేస్ (వాద్యాన్ని కంప్యూటర్‌కు కలిపే పెట్టె) ఉంటే మొదటి మూడేళ్లు గడిచిపోతాయి.

ఊరి సంగతి కూడా చూడాలి. తెలుగు సినిమా మద్రాసు నుంచి హైదరాబాద్‌కు వచ్చింది కానీ, ఆర్కెస్ట్రా దాని వెంట రాలేదు. పెద్ద స్ట్రింగ్స్ సెక్షన్ (వయొలిన్‌లాంటి తీగ వాద్యాల బృందం) కావాలంటే ఇవాళ్టికీ చెన్నైకే వెళ్తారు, బడ్జెట్ ఉంటే ఆన్‌లైన్‌లో బుడాపెస్ట్, మాసిడోనియా ఆర్కెస్ట్రాలతో వాయింపిస్తారు. చిన్న బడ్జెట్ అయితే లైబ్రరీ స్ట్రింగ్స్‌తోనే పని కానిచ్చేస్తారు. అందుకే ఇక్కడ నలుగురిలో ఒకరిగా కూర్చుని వాయించే వాద్యానికి గిరాకీ తక్కువ, ఒంటరిగా వినిపించే వాద్యానికి ఎక్కువ. ఫ్లూట్, సన్నాయి, గిటార్, ఢోలక్, డప్పు. డప్పు మాట ప్రత్యేకంగా చెప్పాలి. లైబ్రరీలో డప్పు దెబ్బ దొరుకుతుంది. కానీ మంట దగ్గర కాచి బిగువు తెచ్చిన డప్పు మీద ఒక చేత్తో సిర్ర, ఇంకో చేత్తో చిటికెన పుల్ల పట్టి ఇద్దరు మనుషులు ఎదురెదురుగా వాయిస్తే దరువులో వచ్చే ఆ ఊపు నాకు ఏ లైబ్రరీలోనూ దొరకలేదు. బోనాల పాటకు ఖర్చు ఎంత తగ్గించినా డప్పు మాత్రం మనిషితోనే వాయింపిస్తాను.

ఇవన్నీ ఒక ఎత్తు. నా నిర్ణయాన్ని తేల్చిన విషయం వేరే ఉంది. పని ఎక్కడ ముగుస్తుంది?

సెషన్‌లో అది స్పష్టం. లోపలికి వెళ్తాను, పాట వింటాను, కార్డ్స్ (కలిపి మోగించే స్వరాలు) రాసుకుంటాను. రెండో టేకో నాలుగో టేకో అద్దం అవతల నుంచి "ఓకే" అంటారు. గిటార్ సంచిలో పెట్టుకుని యూసఫ్‌గూడ మెట్రో ఎక్కుతాను. ఆ పాట హిట్ అయినా, ఆగిపోయినా, నా పని ముగిసింది. ఇంటి నుంచి పంపే సెషన్ కూడా అంతే: 48 కిలోహెర్ట్జ్, 24 బిట్‌లో, పాట మొదటి బార్ (తాళావర్తనం) నుంచి కత్తిరించకుండా, ఆంప్ సౌండ్‌తో ఒకటి, డీఐ (ఆంప్ లేకుండా గిటార్ నుంచి నేరుగా తీసిన శబ్దం) ఒకటి ఇచ్చేస్తే లెక్క సరి.

ప్రొడ్యూసర్‌కి ఆ "ఓకే" అనే మాట లేదు. పాట పూర్తయిందనుకున్న రాత్రి డైరెక్టర్ కారులో విని బేస్ తగ్గించమంటారు. కొరియోగ్రాఫర్ రెండో ఇంటర్లూడ్‌లో (పల్లవి, చరణాల మధ్య వచ్చే వాద్య సంగీతంలో) ఇంకో 8 బార్లు కావాలంటారు. గాయని వచ్చి ఈ శ్రుతిలో చరణం అందట్లేదంటుంది. ఇక్కడ తేడా చూడండి. శ్రుతి మారితే ఫ్లూట్ మళ్లీ వాయించాలి. ఫ్లూటిస్ట్ రెండోసారి వస్తాడు, రెండోసారి డబ్బు తీసుకుంటాడు, అది న్యాయం. అదే రాత్రి ప్రోగ్రామర్ 60 ట్రాకులు కొత్త శ్రుతికి మార్చి, పగిలిన శబ్దాలు సరిచేసి, మళ్లీ రఫ్ మిక్స్ ఇస్తాడు. అతనికి మాత్రం మొదట మాట్లాడుకున్నదే.

నాకు జరిగినదే చెబుతాను. రెండేళ్ల క్రితం ఒక ప్రైవేట్ పాట ఒప్పుకున్నాను. సగం ముందు, సగం పాట విడుదలైనప్పుడు అనుకున్నాం. కాగితం రాసుకోలేదు. నాలుగు నెలల్లో 19 వెర్షన్లు ఇచ్చాను. పల్లవి మారింది, గాయకుడు మారాడు, చివరికి పాట చేయించుకున్నవాళ్ల ఆలోచనే మారింది. పాట విడుదల కాలేదు, రెండో సగం రాలేదు. అందులో ఢోలక్ వాయించిన పెద్దాయనకు నేనే మొదటి రోజు సాయంత్రం డబ్బిచ్చి పంపాను. ఆయన చేసింది మూడు గంటల పని, దానికి పూర్తి ప్రతిఫలం అందింది. నాది నాలుగు నెలల పని, సగమే అందింది. అప్పటినుంచి ప్రొడక్షన్ ఒప్పుకుంటే రెండు మార్పుల వరకు ఉచితం, మూడో మార్పు నుంచి డబ్బు, చివరి విడత ఫైళ్లు ఇచ్చేటప్పుడే అని రాయించుకుంటున్నాను. కొందరు వెనక్కి వెళ్లిపోయారు. వెళ్లనివ్వండి.

ముగిశాక ఏం మిగులుతుందన్నది దీనికి జతగా చూడాల్సిన విషయం. మనవాళ్లలో చాలామందికి ఇది పట్టదు, అదే నాకు బాధ. 1957 కాపీరైట్ చట్టంలో సౌండ్ రికార్డింగ్‌కి "ప్రొడ్యూసర్" అంటే ఆ రికార్డింగ్ తయారీకి పూనుకుని బాధ్యత తీసుకున్నవాడు. మామూలుగా అది డబ్బు పెట్టిన సంస్థ, ప్రోగ్రామింగ్ చేసిన మనం కాదు. సంగీత కర్త అంటే ట్యూన్ కట్టినవాడు. మరి రాత్రంతా కూర్చుని ఆ ట్యూన్‌కి ఒంటినిండా బట్టలు తొడిగిన ప్రోగ్రామర్? ఆ పనికి చట్టంలో విడిగా పేరు లేదు. ఒప్పందంలో రాసుకున్నదే అతని హక్కు. వాద్యకారుడికి పేరుంది: ప్రదర్శకుడు. 2012 సవరణతో వచ్చిన 38ఎ సెక్షన్, ప్రదర్శనను వాణిజ్యపరంగా వాడినప్పుడు అతనికి రాయల్టీ హక్కు ఇస్తుంది. ఆ రాయల్టీ వసూలుకు గాయకుల కోసం మొదలైన సంఘం ఇప్పుడు ఇసామ్రా (ISAMRA) పేరుతో వాద్యకారులనూ చేర్చుకుంటోంది.

అయితే ఇక్కడొక మెలిక ఉంది. సినిమాలో ఎవరి ప్రదర్శన యాదృచ్ఛికమో, పరిశ్రమ ఆనవాయితీ ప్రకారం టైటిల్స్‌లో కూడా ఎవరి పేరు వేయరో, అలాంటివాళ్లను ఆ చట్టం ప్రదర్శకులుగా లెక్కించదు. వాళ్లకు దక్కేది తమ ప్రదర్శనను వక్రీకరిస్తే అడ్డుచెప్పే హక్కు ఒక్కటే. అందుకే పేరు వేయమని అడగడం అహంకారం కాదు, ఆస్తి కాపాడుకోవడం. అమెరికాలో మోటౌన్ సంస్థ పాటలకు ఏళ్ల తరబడి వాయించిన ఫంక్ బ్రదర్స్ బృందం పేర్లు ఆ సంస్థ ఆల్బమ్ మీద మొదటిసారి కనబడింది 1971లో, గాయకుడు మార్విన్ గే ఆల్బమ్ మీద. మన దగ్గర ఏఆర్ రెహమాన్ క్యాసెట్ అట్టల మీద వాద్యకారుల పేర్లు వేయించారు. శివమణి డ్రమ్స్, కీత్ పీటర్స్ బేస్, నవీన్ ఫ్లూట్ అని నేను నేర్చుకున్నది ఆ అట్టలు చదివే. ఇప్పుడు అట్ట లేదు కానీ యూట్యూబ్ వివరణలో, యాప్‌లలో క్రెడిట్స్ ఉంటాయి. డబ్బు మాట్లాడేటప్పుడే పేరు కూడా మాట్లాడండి. ప్రోగ్రామర్లు ఇంకో అడుగు వేయాలి: ఇంటర్లూడ్ ట్యూన్ మీరే కట్టినట్టయితే సంగీతంలో వాటా ఎంతో పాట విడుదలకు ముందే రాయించుకుని, సంగీతకర్తలకు, గీత రచయితలకు రాయల్టీ వసూలు చేసిపెడుతూ 1969 నుంచి ఉన్న ఐపీఆర్ఎస్ సంఘంలో సభ్యులుగా చేరండి. పాట పైకొచ్చాక అడిగితే ఎవరూ వినరు.

"సంగీత దర్శకుడు కావాలంటే ప్రోగ్రామింగే దారి కదా" అంటారు. నిజమే. రెహమాన్ సంగీత దర్శకులు రాజ్-కోటి దగ్గర కీబోర్డ్ వాయించారు, ప్రోగ్రామింగ్ చేశారు, ఇంట్లో స్టూడియో కట్టుకున్నారు, 1992లో సినిమా సంగీత దర్శకుడయ్యారు. హ్యారిస్ జయరాజ్ రెహమాన్, మణిశర్మ లాంటివాళ్ల దగ్గర ప్రోగ్రామింగ్ చేసి 2001లో సొంతంగా మొదలుపెట్టారు. కానీ వీళ్లకు మౌస్ కంటే ముందు చేతిలో వాద్యం ఉంది. తమన్ చేతిలో డ్రమ్స్ ఉన్నాయి. ఇళయరాజా చేతిలో గిటార్ ఉంది. వాద్యం రానివాడు లూప్ (మళ్లీ మళ్లీ మోగే రెడీమేడ్ సంగీతపు ముక్క) ఎంచుకోగలడు, ఆ లూప్ ఈ పల్లవికి ఎందుకు నప్పలేదో చెప్పలేడు. లైబ్రరీలు, ఏఐ పాటలు పెరిగేకొద్దీ ముందు దెబ్బ తగిలేది లూప్‌లు పేర్చే పనికే. డెమో పాటలకు ఇప్పటికే ఆ పిలుపులు తగ్గాయి.

రెండూ వచ్చినవాళ్లకు ఒక హెచ్చరిక. మన దగ్గర దాన్ని "ప్యాకేజ్" అంటారు. ప్రోగ్రామింగ్, గిటార్, బేస్, మిక్స్, మాస్టరింగ్ (విడుదలకు ముందు ఆఖరి మెరుగు) అన్నీ కలిపి ఒకే రేటు. "గిటార్ నువ్వే వాయిస్తావు కదా, దానికి వేరే ఎందుకు?" అంటారు. వేరే ఎందుకంటే, నేను వాయించకపోతే ఇంకొకరిని పిలిచి డబ్బివ్వాలి కాబట్టి. నా ఎస్టిమేట్‌లో ప్రతి వాద్యం ఒక వరుస, ప్రోగ్రామింగ్ ఒక వరుస, మిక్స్ ఒక వరుస. తగ్గించమంటే ఒక వరుస తీసేస్తాను, అన్నిటి మీదా తగ్గించను. ఐదుగురి పని ఒకరి కూలికి చేయడం మొదలుపెడితే, మనతోపాటు ఆ మిగతా నలుగురి రేటు కూడా పడగొట్టినవాళ్లమవుతాం.

ఇతర దారులు కూడా అడుగుతున్నారు. పబ్ బ్యాండ్‌లో డబ్బు వెంటనే వస్తుంది, కొత్త పాట నేర్చుకోవడం ఆగిపోతుంది. ఇంటి దగ్గర పాఠాలు చెప్పడం మంచి ఆసరా, ఆషాఢంలో నన్నూ ఆదుకుంది. సౌండ్ ఇంజనీరింగ్ వేరే వృత్తి, దాన్ని వీటితో పోల్చను.

ఆ పనికి ముగింపు ఉండదనే నేను పూర్తికాలం ప్రోగ్రామర్‌గా వెళ్లడం వద్దనుకున్నాను. నెల జీతంలాంటి డబ్బు వదులుకున్నాను, అది చిన్న విషయం కాదు, ఇంట్లో కూడా మాట్లాడుకున్నాం. వారంలో నాలుగు రోజులు సెషన్స్, రెండు రోజులు నేను ఎంచుకున్న ప్రొడక్షన్ పెట్టుకున్నాను. రాత్రి పదింటికి కంప్యూటర్ ఆపగలుగుతున్నాను. పొద్దున్నే గంటసేపు స్కేల్స్ వాయించగలుగుతున్నాను. నా చేతులు అడిగేది అదే.

వయొలిన్ నేర్చుకునే అమ్మాయికి: సెక్షన్ నమ్ముకుని ఇక్కడ ఉండకమ్మా. సోలో వాయించేంత గమకం చేతిలో పెట్టుకో, ఇంట్లో ఒక్కదానివే నాలుగు వరసలు వాయించి రికార్డ్ చేసి పంపడం నేర్చుకో. హైదరాబాద్‌లో అది చేయగలిగినవాళ్లు తక్కువ. చర్చి కుర్రాడికి: నీకు కీబోర్డ్ ముందే వచ్చు, పాటలు చేయించుకునేవాళ్లు నీ చుట్టూనే ఉన్నారు, నువ్వు ప్రొడక్షన్‌లోకే వెళ్లు, కానీ మొదటి పాట నుంచే కాగితం రాసుకో. ప్యాడ్స్ వాయించే నా దోస్తుకు: నీ దరువు ఎవరి లైబ్రరీలోనూ లేదు, దాన్ని వదలకు. పెళ్లిళ్లు ఆగే వేళకు ఎలాగూ ఖాళీగా ఉంటావు. జ్యేష్ఠంలోనే మా ఇంటికి వచ్చెయ్. రెండు బోనాల పాటలు ఒప్పుకున్నాను, పక్కపక్కన కూర్చుని చేద్దాం. ఎస్టిమేట్‌లో నీ వరుస విడిగా రాశాను.